నాలుగున్నర శ్రుతి పద్యానికి తొమ్మిది స్కేళ్ల హార్మోణి పెట్టె ఎంతవరకు పనికొస్తుంది?

కడపలో వాయిద్యాల కొట్టుకు పోయి స్కేల్ ఛేంజర్ (మెట్లు జరిపి శ్రుతి మార్చుకునే పెట్టె) కావాలంటే ఎక్కువగా చూపించేది ఈ రకమే. కోల్‌కతా పనితనం, మూడున్నర ఆక్టేవులు, 42 మెట్లు, మూడు వరసల ఇత్తడి రీడ్లు (గాలికి కంపించి పలికే నాలుకలు), జరుపుకోవడానికి తొమ్మిది గడులు. చూపించేటప్పుడు ఒకటో శ్రుతిలో నాలుగు స్వరాలు వాయించి వినిపిస్తారు. ఒకటో శ్రుతిలో దాదాపు ఏ పెట్టైనా బాగానే పలుకుతుంది. పద్య నాటకానికి కొనేవాళ్లు దీన్ని నాలుగున్నరలో వాయించమనాలి, స్కేలు జరిపి ఇంకోసారి వాయించమనాలి. దీని మంచీ చెడూ తేలేది అక్కడే.

శ్రుతి లెక్క అలవాటు లేనివాళ్ల కోసం ఒక మాట. పెట్టె మీద తెల్లమెట్టు సి అంటే ఒకటి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి అయిదు, ఎ ఆరు, బి ఏడు. వాటి మధ్య నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. ఇ, ఎఫ్‌ల మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి పెట్టెలో మూడున్నర లేదు. మూడు నుంచి నాలుగుకు పోతే శ్రుతి పెరిగేది అర స్వరమే, రెండు నుంచి మూడుకు పోతే నిండు స్వరం. ‘ఒక శ్రుతి దించు’ అని నటుడన్నప్పుడు ఎక్కణ్ణుంచి దించాలో చూసుకోకపోతే పద్యం ఎత్తుగడలోనే తేడా కొడుతుంది.

నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా పెట్టుకుంటే మగ గొంతుకు మధ్య షడ్జం 185, తార షడ్జం 370, తార పంచమం సుమారు 554 హెర్ట్జ్. కచేరీలో మగవాళ్లు ఎక్కువగా ఒకటి, రెండు మధ్యే ఉంటారు. పద్య నాటకం మైకులు లేని రోజుల్లో పెరిగింది, చివరి వరసలో కూర్చున్నవాడికి ప్రతి అక్షరం అందాలి, అందుకే శ్రుతి ఎత్తుకు పోయింది. ధర్మవరంలో పుట్టిన రామకృష్ణమాచార్యులు నాటకంలోకి పాటనూ పద్యాన్నీ బలంగా తెచ్చిన కాలం, 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో సురభి నాటకం పుట్టిన కాలం ఇంచుమించు ఒకటే. మైకులొచ్చినా ఎత్తు శ్రుతి మీద మోజు తగ్గలేదు.

నాలుగున్నరను హార్మోనిస్టులు ఇష్టపడటానికి గొంతుతో సంబంధం లేని కారణం ఇంకొకటుంది. అది మెట్ల అమరికలో ఉంది. పెట్టె మీద నల్లమెట్లు మూడు ఒక గుంపు, రెండు ఒక గుంపు. మూడింటి గుంపులో మొదటి మెట్టు మీద షడ్జం పెట్టండి. ఆ మూడూ స, రి, గ అవుతాయి. తర్వాతి రెండింటి గుంపు ప, ద. మళ్లీ మూడింటి గుంపు వచ్చేసరికి తార షడ్జం. తెల్లమెట్టు తాకకుండా మోహన మొత్తం వచ్చేసింది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు స రి గ మీద నిలబెట్టి, చెయ్యి పక్కకి జరిపి చూపుడు, నడిమి వేళ్లతో ప ద అందుకుంటే చాలు.

మిగిలిన ఖాళీలు చూడండి. గ, ప మధ్య రెండు తెల్లమెట్లు: బి, సి. అవి శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం. ద, పై స మధ్య ఇంకో రెండు: ఇ, ఎఫ్. అవి కైశికి నిషాదం, కాకలి నిషాదం. అంటే రెండు జంటల్లోంచి ఒక్కో తెల్లమెట్టు ఎంచుకోవడమే పని. బి, ఇ తీసుకుంటే హరికాంభోజి. బి, ఎఫ్ అయితే శంకరాభరణం. సి, ఇ అయితే వాచస్పతి. సి, ఎఫ్ అయితే కల్యాణి. బిలహరి ఎక్కేటప్పుడు అంతా నల్ల, దిగేటప్పుడు ఎఫ్, బి తగిలించాలి. పద్యానికి ఎక్కువగా పట్టే రాగాలు ఇంత సుఖంగా కూర్చునే శ్రుతి పెట్టెలో ఇంకొకటి లేదు.

ఆ అయిదు నల్లమెట్లనే ఉంచి షడ్జం మార్చితే గ్రహభేదం కళ్లముందే కనిపిస్తుంది. నాలుగున్నరలో మోహన, అయిదున్నరలో మధ్యమావతి, ఆరున్నరలో హిందోళం, ఒకటిన్నరలో శుద్ధ సావేరి, రెండున్నరలో శుద్ధ ధన్యాసి. కొత్తగా పెట్టె పట్టినవాళ్లకు సరళీ వరసల పక్కన ఇది కూడా నేర్పితే చెవి త్వరగా తెరుచుకుంటుంది.

ఈ సుఖం అన్ని రాగాలకూ లేదు. తోడిని నాలుగున్నరలో వాయిస్తే షడ్జ పంచమాలే నల్ల, మిగిలిన అయిదు స్వరాలూ తెల్లమెట్ల మీదికి దిగిపోతాయి. మాయామాళవగౌళలో స, గ, ప నల్ల, రి, మ, ద, ని తెల్ల. బొటనవేలు నల్లమెట్ల సందులోకి దూరాలి, వేగం తగ్గుతుంది. శోక పద్యాలు ఎక్కువగా ఉండే కాటి సీను వాయించేవాళ్లు ఈ చోటును విడిగా సాధన చెయ్యాలి.

ఈ మెట్ల సుఖాన్ని పడమటి వాళ్లూ కనిపెట్టారు, కానీ ఎఫ్ షార్ప్ మేజర్‌కు (ఎఫ్ షార్ప్ మీద షడ్జం పెట్టిన శంకరాభరణం లాంటి వరసకు) వాళ్ల దగ్గర చాలాకాలం చోటు దొరకలేదు. కారణం శ్రుతి చేసే పద్ధతి. మీన్‌టోన్ అనే పాత పద్ధతిలో సి చుట్టుపక్కల శ్రుతుల్లో గాంధారం స్వచ్ఛంగా పలికేలా మెట్లు సర్దేవారు. ఆ సర్దుబాటు బరువంతా దూరపు శ్రుతుల మీద పడేది. అర స్వరాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తే స్వచ్ఛమైన అంతర గాంధారం షడ్జానికి 386 సెంట్ల మీద ఉండాలి. మీన్‌టోన్‌లో ఎఫ్ షార్ప్ మీద షడ్జం పెడితే ఆ గాంధారం 427 దగ్గర పడేది. 41 సెంట్లు ఎక్కువ. చెవి ఉన్నవాడెవడూ భరించలేడు.

1722లో జర్మన్ స్వరకర్త బాఖ్ పన్నెండు శ్రుతులకూ మేజర్, మైనర్ కలిపి 24 వరసల్లోనూ ఒక్కో ప్రెల్యూడ్, ఒక్కో ఫ్యూగ్ అనే రచనల జత రాసి సంపుటం కట్టినప్పుడు ఎఫ్ షార్ప్ మేజర్ 13వ జతగా వచ్చింది. అన్ని శ్రుతులూ వాయించదగ్గట్టు మెట్లు సర్దే పద్ధతులు అప్పటికి వచ్చాయి కాబట్టే అది సాధ్యమైంది. 1772లో హైడన్ 45వ సింఫనీని ఎఫ్ షార్ప్ మైనర్‌లో రాశాడు. చివరి భాగంలో వాద్యకారులు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు, ముగింపు మేజర్‌లోకి తిరుగుతుంది. అప్పటి హార్న్ వాద్యాలకు శ్రుతి మార్చాలంటే గొట్టం మార్చాలి. ఈ శ్రుతికి సరిపోయే గొట్టం మామూలుగా ఉండేది కాదు, అర స్వరం మార్చేవి ప్రత్యేకంగా చేయించారు. మెట్లో గొట్టమో, శ్రుతి మార్చడానికి ఒక కొత్త భాగం పెట్టడం అనే ఆలోచన మన స్కేల్ ఛేంజర్‌కు చాలా ముందే ఉంది.

బేతోవెన్ 1809లో ఈ మేజర్‌లో ఒక చిన్న పియానో సొనాటా రాశాడు, ఓపస్ 78. ఈ శ్రుతిని వేళ్లతో అర్థం చేసుకున్నవాడు మాత్రం పియానో విద్వాంసుడు షోపాన్. పొడుగు వేళ్లు నల్లమెట్ల మీద, పొట్టి వేళ్లు తెల్లమెట్ల మీద ఉంటే చెయ్యి సహజంగా కూర్చుంటుందని, శిష్యుల చేతిని మొదట ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి మీద పెట్టించేవాడు. ఆయన బార్కరోల్ అనే రచన ఎఫ్ షార్ప్ మేజరే. ఓపస్ 10లో అయిదో ఎట్యూడ్ (సాధన రచన)లో కుడి చెయ్యి దాదాపు అంతా నల్లమెట్ల మీదే నడుస్తుంది. కాగితం మీద దాని పేరు జి ఫ్లాట్, మెట్లు మాత్రం ఇవే. మన మోహన వేళ్ల వరసే అక్కడా కనిపిస్తుంది. తర్వాత లిస్ట్, స్క్రియాబిన్ ఈ శ్రుతిని బాగా వాడుకున్నారు, మాలర్ పూర్తి చెయ్యకుండా వదిలిన పదో సింఫనీ కూడా దీన్లోనే.

ఈ సమీక్షకు అందరికన్నా దగ్గరివాడు అమెరికా పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్. ఆయన పియానో దాదాపు ఎఫ్ షార్ప్‌లోనే, నల్లమెట్ల మీదే వాయించేవాడు. గాయకులకు వేరే శ్రుతి కావాలంటే? కీబోర్డును జరిపి శ్రుతి మార్చే ఏర్పాటున్న పియానో వాడాడు. అలాంటిది ఒకటి ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ దగ్గర ఉంది. వేళ్లు ఎప్పుడూ ఒకే చోట, శ్రుతి మాత్రం మారుతుంది. రాయలసీమలో హార్మోనిస్టు స్కేల్ ఛేంజర్ కొనేదీ సరిగ్గా అందుకే.

పనిచేసే తీరు ఇది. మెట్ల ముందు భాగాలు వెడల్పులో వేరైనా వెనక తోకలు సమాన దూరంలో ఉంటాయి. మీట ఎత్తితే మెట్ల పలక, కింద రీడ్లకు గాలి వదిలే మూతల నుంచి విడిపోతుంది. దాన్ని ఒక గడి కుడికి జరిపితే ఎఫ్ షార్ప్ మెట్టు కింద జి రీడు వస్తుంది. నాలుగున్నర వేళ్లతోనే అయిదు శ్రుతి నటుడికి వాయించొచ్చు. ఎడమకు ఒక గడి జరిపితే నాలుగు శ్రుతి. రీడ్లు కదలవు, మెట్లే కదులుతాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద దీనితో పనుంది.

తొమ్మిది గడులంటే మొత్తం ఎనిమిది అర స్వరాల జరుగుడు. అసలు స్థానం (ప్రతి మెట్టు కింద దాని సొంత రీడే ఉండే గడి) సరిగ్గా మధ్యలో ఉంటే నాలుగున్నర వేళ్లతో కిందికి రెండు శ్రుతి దాకా, పైకి ఆరున్నర దాకా దొరుకుతుంది. నాటకంలో మగ పాత్రలకూ ఆడ పాత్రలకూ ఇది ధారాళంగా సరిపోతుంది. అయితే అన్ని పెట్టెల్లో అసలు స్థానం మధ్యలో ఉండదు. కొన్నింటిలో ఒక పక్కకు రెండు గడులే ఉంటాయి. అసలు గడి మీద గుర్తు చూసి, అటూ ఇటూ ఎన్ని గడులున్నాయో అక్కడే లెక్కపెట్టించండి. కింది శ్రుతి నటులు ఎక్కువున్న సమాజానికి పైకి మాత్రమే జరిగే పెట్టె దండగ.

ఇక అసలు పరీక్ష. ఒక్క స్టాపరు (ఒక రీడ్ల వరసకు గాలి వదిలే పిడి) తెరిచి, తిత్తి నిండా గాలి పట్టి, ఎఫ్ షార్ప్ ఒక్కటే నొక్కి స్వరం ఎంతసేపు నిలుస్తుందో చూడండి. ఇదే పని ప్రతి గడిలో చెయ్యాలి. ఏ గడిలోనైనా సగానికే గాలి అయిపోతే ఆ గడిలో మూతలు సరిగ్గా కూర్చోవట్లేదు. తర్వాత ఒక్కో మెట్టునూ అడుగు దాకా నొక్కండి. జరిపిన గడుల్లో కొన్ని స్వరాలు బలహీనంగా, కొంచెం కిందికి వాలినట్టు వినిపించడం ఈ రకానికి ఎక్కువగా ఉండే జబ్బు. రీడు చెడిందనుకుంటారు, నిజానికి మెట్టు తోక మూతను పూర్తిగా తెరవడం లేదు. గాలి చాలకపోతే రీడు స్వరం దిగుతుంది. అదే మెట్టును అసలు గడిలో నొక్కి చూస్తే బాగానే ఉంటుంది. ఇది ఆకురాయితో సరిచేసే పని కాదు, మెట్టు కింది తోలు మందం సర్దాలి. తెలియని మరమ్మతుదారు రీడును గీకేశాడంటే అసలు గడిలోనూ శ్రుతి పోతుంది.

మీట పూర్తిగా ఎత్తకుండా పలకను లాగితే తోకలు మూతలకు తగులుకుని వంగుతాయి. అప్పుడు ఏ మెట్టూ నొక్కకుండానే ఒక స్వరం కూస్తూ ఉంటుంది. సీను మధ్యలో నటుడు శ్రుతి మార్చమని సైగ చేసినప్పుడు కంగారుగా లాగడం వల్లే ఇది ఎక్కువ. మెట్ల మీద చెయ్యి తీసెయ్యాలి, మీట ఎత్తాలి, జరపాలి, గడిలో టక్కున కూర్చున్నాక మీట దించాలి. రెండు సెకన్ల పని.

రీడ్ల విషయం. మూడు వరసల్లో ఒకటి బాసు (కింది స్థాయి), రెండు మేల్ (మధ్య స్థాయి). కొన్నింటిలో రెండో మేల్ బదులు ఫిమేల్ (పై స్థాయి) ఉంటుంది. ఎత్తు శ్రుతి పద్యానికి బాసు, మేల్, మేల్ కూర్పే మేలు. నాలుగున్నర తార స్థాయిలో ఫిమేల్ రీడు కీచుమంటుంది, నటుడి గొంతును మింగేస్తుంది. మేల్ వరసలు రెండూ తెరిచి ఎఫ్ షార్ప్, సి షార్ప్, ఎ షార్ప్ ఒక్కొక్కటిగా పట్టి వినండి. స్వరం అలలా ఊగితే రెండు రీడ్లకూ తేడా ఉన్నట్టు. సెకనుకు ఒక ఊపు అంటే ఒక హెర్ట్జ్ తేడా. నెమ్మదిగా ఊగేది గుండ్రంగా వినిపిస్తుంది, ఫరవాలేదు. సెకనుకు మూడు నాలుగు ఊపులుంటే వెంటనే సరిచేయించాలి. నాలుక కొసన సన్నగా గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. గీకేటప్పుడు నాలుక కింద పోస్టుకార్డు ముక్క పెట్టాలి, రెండు మూడు గీతలకు ఒకసారి వాయించి చూడాలి.

ఇప్పుడు ఈ పెట్టె అసలు లోటు. రీడ్లు కదలవన్నాం కదా. అందుకే దీన్ని సమాన శ్రుతిలోనే కట్టాలి, అంటే ప్రతి అర స్వరం సరిగ్గా 100 సెంట్లు. అంతర గాంధారం 386 దగ్గర ఉండాల్సింది 400 దగ్గర పలుకుతుంది. మోహన పద్యం చివర రాగం తీస్తూ నటుడు గాంధారం మీద నిలబడితే ఆ 14 సెంట్లు వినిపిస్తాయి. గొంతు స్వచ్ఛమైన చోట ఉంటుంది, పెట్టె కొంచెం పైనుంటుంది. ‘అయితే ఎ షార్ప్ రీడును 14 సెంట్లు దించుకుందాం’ అని కొందరు చేయిస్తారు. స్కేల్ ఛేంజర్‌లో ఆ పని చెయ్యకండి. నాలుగున్నరలో గాంధారం తీయగా అవుతుంది, నిజమే. కానీ అయిదు శ్రుతి నటుడికి జరిపినప్పుడు అదే రీడు సాధారణ గాంధారం అవుతుంది. 316 సెంట్ల మీద ఉండాల్సినది 286 మీద పడుతుంది. 30 సెంట్లు తక్కువ! ఒకరికి మేలు చేయబోయి ఇంకొకరి పద్యం పాడు చేసినట్టు. మీన్‌టోన్ కాలంలో ఎఫ్ షార్ప్‌కు జరిగింది ఇదే, పాత్రలు తారుమారయ్యాయి అంతే. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోణిని దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఈ సమాన శ్రుతి ఒకటి, గమకం పలకకపోవడం ఇంకొకటి. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. పద్యానికి మాత్రం హార్మోణి ఊపిరి లాంటిది, దాన్ని వదులుకోలేం.

కాబట్టి ఎవరు కొనాలన్నది తేలిగ్గానే తేల్చొచ్చు. ఒక్క గాయకుడికే వాయించేవాళ్లు, ఊరి భజన గుడికి కొనేవాళ్లు స్కేలు జరగని డబుల్ రీడు పెట్టె తీసుకుని, ఆ గొంతు శ్రుతికి గాంధార, ధైవతాలు స్వచ్ఛంగా కట్టించుకుంటే అంతకన్నా తీయని పెట్టె ఉండదు. ధర కూడా స్కేల్ ఛేంజర్‌తో పోలిస్తే సగమో, అంతకన్నా తక్కువో. బరువూ తక్కువ. రాత్రంతా రాయబారం నడిచి, ముగ్గురు కృష్ణులు మారి, ఒకరిది నాలుగు, ఒకరిది నాలుగున్నర, ఇంకొకరిది అయిదు అయ్యే నాటకాలకు మాత్రం స్కేల్ ఛేంజరే దిక్కు. అన్ని శ్రుతుల వేళ్లూ సమానంగా తిరిగే హార్మోనిస్టుకు అది అక్కర్లేదు. కానీ అలాంటి చేతులు ఎన్నో లేవు. ఎలక్ట్రానిక్ కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే ఇదే పని అవుతుంది, మూతల గొడవా ఉండదు. తిత్తితో స్వరాన్ని నటుడి గొంతుతోపాటు పెంచడం, తగ్గించడం అందులో రాదు. రాగం తీసేటప్పుడు ఆ తేడా పెద్దదే. తిరునాళ్ల స్టేజీ మీద కరెంటు పోతే బ్యాటరీ లేని కీబోర్డు మూగపోతుంది కూడా.

మన వాతావరణానికి దీని ఓర్పు మధ్యస్థం. కడప, కర్నూలు ఎండాకాలంలో చెక్క ఎండి రీడ్ల పలక బీటలు తీస్తుంది. ఒక గూటి గాలి పక్క గూట్లోకి పోయి రెండు స్వరాలు కలిసి పలుకుతాయి. చిన్న బీటకు తేనె మైనం కరిగించి రాస్తే సరిపోతుంది. రీడ్ల మరలు వదులై బుర్రుమనే శబ్దం రావడమూ ఎండలకే. ఏప్రిల్ మొదట్లో ఒకసారి మరలన్నీ బిగించాలి. మరీ బిగిస్తే మర పట్టు చెక్కలో పోతుంది, కదలకుండా ఆగితే చాలు. ఆరుబయట స్టేజీల దుమ్ము నాలుక పక్కన ఇరుక్కుని స్వరం మూగపోతే సన్న కాగితం నాలుక కిందనుంచి మెల్లగా లాగాలి. సూదితో పొడవకూడదు, నోటితో ఊదకూడదు. ఊపిరి తేమకు ఇత్తడి నల్లబడి స్వరం మారుతుంది.

కొనేటప్పుడు బేరం డబ్బు తగ్గించుకోవడం మీద కన్నా అదనపు సామాను మీద పెట్టండి. మెట్ల స్ప్రింగులు అరడజను, మూతల తోలు ఒక ముక్క, మేల్ వరసకు ఎఫ్ షార్ప్, సి షార్ప్ రీడ్లు ఒక్కోటి. నాలుగున్నర వేళ్లతో వాయించేవాళ్ల చేతిలో షడ్జ పంచమాల మెట్లు మిగిలినవాటికన్నా ఎక్కువ పని చేస్తాయి, ముందు అలిసేవీ అవే. బస్సులో పంపాల్సి వస్తే పలకను అసలు గడికి తెచ్చి, మీట దించి, స్టాపర్లన్నీ మూసి, తిత్తి కొక్కీ తగిలించి, పెట్టెను నిటారుగానే పెట్టించండి. పక్కకు పడుకోబెడితే దిగేసరికి మూతలు పక్కకు జరిగి ఉంటాయి, ఆ రాత్రి నాటకానికి సర్దే టైము ఉండదు.